కొత్త పార్టీ ముందు ఓగర్‌ను ఎలా నిలబెట్టాలి: డీఅండ్‌డీలో గట్టి పోరుకి లెక్కలు

పాచికలతో, పాత్రలతో ఆడే కథల ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (డీఅండ్‌డీ) ఐదో ఎడిషన్‌లో కొత్తగా డీఎం (ఆట నడిపే డన్జన్ మాస్టర్) అయినవాళ్ల కోసం ఈ గైడ్. నలుగురు కొత్త ఆటగాళ్ల జట్టు (దీన్నే పార్టీ అంటారు), ఎదురుగా ఒక ఓగర్, అంటే దుడ్డుకర్ర పట్టిన భారీ రాక్షసుడు. ఈ ఒక్క పోరునే మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాం. పద్ధతి పట్టుబడితే ఏ రాక్షసుడికైనా ఇదే పనికొస్తుంది.

గట్టి పోరు అంటే ఏమిటో ముందే తేల్చుకోండి. ఆటగాళ్లు భయపడాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఎత్తు వేయాలి, ఒకరిద్దరు కింద పడాలి, అయినా గెలిచే దారి ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. రాక్షసుడు ఎంత పెద్దదన్నది దీన్ని తేల్చదు. రెండు లెక్కలు తేలుస్తాయి: రాక్షసుడు ఎన్ని రౌండ్లు నిలుస్తాడు, మీవాళ్లు వాడి దెబ్బలు ఎన్ని తట్టుకుంటారు. పుస్తకంలోని ఎక్స్‌పీ (ఒక్కో రాక్షసుడికి ఇచ్చిన పాయింట్లు) పట్టికలు దారి చూపిస్తాయి కానీ ఈ రెండు లెక్కలూ మీ బదులు వేసిపెట్టవు.

ఇక్కడి రాక్షసుల అంకెలు 2014 నాటి రూల్స్‌వి. ఆ అంకెలు దాదాపు అన్నీ ఉన్న ఎస్ఆర్‌డీ 5.1 అనే రూల్స్ పత్రాన్ని ఆట ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది కాబట్టి డబ్బు పెట్టకుండానే దించుకోవచ్చు. మీ దగ్గర 2024 తర్వాతి పుస్తకాలుంటే వాటిలోని అంకెలు పెట్టుకోండి, పద్ధతి మారదు.

1. ముందు మీ పార్టీని కాగితం మీద పెట్టండి

ఒక్కో క్యారెక్టర్‌కి నాలుగు అంకెలు చాలు: ఆర్మర్ క్లాస్ (ఏసీ: దెబ్బ తగలాలంటే దాడి పాచిక చేరాల్సిన అంకె), పూర్తి హిట్ పాయింట్లు (హెచ్‌పీ: ఒంట్లో బలం), దాడి పాచికకి కలిపే బోనస్, దెబ్బ తగిలితే సగటు డ్యామేజ్. పాచిక సగటు తెలియాలంటే దాని పెద్ద అంకెకి ఒకటి కలిపి సగం చేయండి. డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) సగటు 4.5, డీ6 సగటు 3.5.

మన ఉదాహరణ పార్టీ మొదటి లెవెల్‌లో ఇలా ఉంటుంది. ఫైటర్ (యోధుడు): ఏసీ 18, హెచ్‌పీ 12. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి): ఏసీ 18, హెచ్‌పీ 10. రోగ్ (చాటుగా కొట్టే దొంగ): ఏసీ 14, హెచ్‌పీ 9. విజార్డ్ (మాంత్రికుడు): ఏసీ 12, హెచ్‌పీ 7. మొత్తం 38. రెండో లెవెల్‌కి వచ్చేసరికి ఇవే 20, 17, 15, 12 అవుతాయి, మొత్తం 64. ఒకే ఒక్క లెవెల్‌కి ఒంట్లో బలం దాదాపు డెబ్బై శాతం పెరిగిందన్నమాట. కొత్తవాళ్లకి గట్టి రాక్షసుణ్ని చూపించాలని ఉంటే రెండో లెవెల్ దాకా ఆగమని చెప్పడానికి ఇదే పెద్ద కారణం. మొదటి లెవెల్‌ను రూల్స్ నేర్చుకోవడానికి వదిలేయండి. ఒకట్రెండు చిన్న పోరులు, ఇద్దరు ముగ్గురు గాబ్లిన్లు (చిన్న, బలహీన రాక్షసులు), అంతే.

దాడి వైపు చూస్తే, తగిలినప్పుడు ఫైటర్ కత్తి సగటున 7.5, స్నీక్ అటాక్ (చాటు దెబ్బ) కలిసిన రోగ్ బాణం 10, క్లెరిక్ గద 5.5, విజార్డ్ ఫైర్ బోల్ట్ 5.5. అన్నీ తగిలితే రౌండుకి 28.5.

2. ఎక్స్‌పీ బడ్జెట్

2014 డన్జన్ మాస్టర్స్ గైడ్ లెక్కలో ఒక్కో క్యారెక్టర్‌కి నాలుగు మెట్లుంటాయి: ఈజీ, మీడియం, హార్డ్, డెడ్లీ. మొదటి లెవెల్‌లో 25, 50, 75, 100. రెండో లెవెల్‌లో 50, 100, 150, 200. మూడో లెవెల్‌లో 75, 150, 225, 400. వీటిని ఆటగాళ్ల సంఖ్యతో గుణించండి. రెండో లెవెల్ నలుగురికి మీడియం 400, హార్డ్ 600, డెడ్లీ 800.

ఇప్పుడు రాక్షసుల ఎక్స్‌పీ కూడండి. ఛాలెంజ్ రేటింగ్ (రాక్షసుడు ఎంత కష్టమో చెప్పే అంకె) పావు ఉంటే 50, అర ఉంటే 100, ఒకటికి 200, రెండుకి 450, మూడుకి 700. రాక్షసులు ఒకరి కంటే ఎక్కువైతే ఆ మొత్తాన్ని గుణించాలి: ఇద్దరికి 1.5, ముగ్గురి నుంచి ఆరుగురికి 2, ఏడు నుంచి పదికి 2.5. పదిమంది గాబ్లిన్లు పది రెట్లు కాదు, అంతకు మించిన ప్రమాదం. ఎందుకంటే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ల కంటే ఎక్కువసార్లు వాళ్లే దాడి చేస్తారు.

2024 గైడ్ ఈ గుణకాన్ని తీసేసింది. మెట్లను కూడా లో, మోడరేట్, హై అని మూడు చేసి, రెండో లెవెల్‌కి తలకి 100, 150, 200 ఇచ్చింది. తేడా ఎంతో చూడండి. మొదటి లెవెల్ నలుగురి మీదికి నాలుగు గాబ్లిన్లు వస్తే పాత లెక్కలో 200ని రెండుతో గుణించి 400, అంటే సరిగ్గా డెడ్లీ. కొత్త లెక్కలో అదే 200, అంటే లో. కొత్త ఆటగాళ్ల విషయంలో పాత గుణకాన్నే నమ్మమని మా సలహా. అనుభవం ఉన్నవాళ్లు గుంపుని ఇరుకులోకి లాగి ఒక్కొక్కరినీ పడగొడతారు. కొత్తవాళ్లు విడిపోయి తలా ఒక గాబ్లిన్ వెంట పరిగెడతారు, దాంతో గుంపు ప్రమాదం పూర్తిగా వాళ్ల నెత్తిన పడుతుంది.

ఒంటరి ఓగర్ రేటింగ్ 2, అంటే 450. రెండో లెవెల్ నలుగురికి మీడియం. ఒక గాబ్లిన్‌ను తోడిస్తే 500ని 1.5తో గుణించి 750, అంటే హార్డ్. మనం కట్టబోయే పోరు ఇదే.

3. దెబ్బ పరీక్ష

ఎక్కువమంది డీఎంలు వదిలేసేది ఇదే, పార్టీలు తుడిచిపెట్టుకుపోయేదీ ఇక్కడే. రాక్షసుడి అతి పెద్ద దాడిని తీసుకుని, పార్టీలో అందరికంటే బలహీనుడి పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడగండి.

సగటు దెబ్బ ఆ క్యారెక్టర్ పూర్తి హెచ్‌పీని బాగా దాటుతోందా? క్రిటికల్ (పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) లేని అతి పెద్ద దెబ్బ ఆ హెచ్‌పీకి రెండింతలో, అంతకంటే ఎక్కువో అవుతోందా?

రెండో ప్రశ్న వెనక ఒక రూల్ ఉంది. దెబ్బకి హెచ్‌పీ సున్నాకి వచ్చాక మిగిలిన డ్యామేజ్ పూర్తి హెచ్‌పీకి సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉంటే డెత్ సేవ్‌లు (పడినవాడు బతకడానికి వేసే పాచికలు) ఉండవు. అక్కడికక్కడే చావు.

ఓగర్ దుడ్డుకర్ర డ్యామేజ్ 2డీ8+4 (రెండు డీ8లు వేసి 4 కలపాలి), అంటే కనీసం 6, సగటున 13, గరిష్ఠంగా 20. మొదటి లెవెల్ విజార్డ్‌కి ఉన్నవి 7. కాబట్టి 14 పడితే చావు. పాచికల మీద 10 లేదా అంతకు మించి రావాలి, 64 అవకాశాల్లో 28 అలాంటివే. తగిలిన ప్రతి దెబ్బకీ నూటికి 44 పాళ్లు, మొదటి సెషన్‌లోనే ఆ ఆటగాడు కొత్త క్యారెక్టర్ రాసుకోవాల్సి వస్తుంది. రెండో లెవెల్ విజార్డ్‌కి 12. సగటు దెబ్బకి కింద పడతాడు, కానీ మామూలు దెబ్బ 24 చేరలేదు కాబట్టి చావడు. పడినవాణ్ని మిగతావాళ్లు లేపడానికి పరిగెత్తే ఆ రెండు రౌండ్లే పోరులో ఉత్కంఠ అంతా. లెక్క వేసి సాధించాల్సింది ఆ స్థితినే.

మొదటి లెవెల్‌లోనే ఓగర్ కావాలని పట్టుబడితే దుడ్డుకర్రను 1డీ8+4కి తగ్గించండి. గరిష్ఠం 12కి దిగుతుంది, 14 దాటదు. హెచ్‌పీ మాత్రమే తగ్గించి దెబ్బను అలాగే ఉంచితే లాభం లేదు. పోరు త్వరగా అయిపోతుంది, చావు ప్రమాదం మాత్రం మొదటి రౌండు నుంచే ఉంటుంది.

4. రౌండ్ల లెక్క

ఓగర్ ఏసీ 11, హెచ్‌పీ 59. మీవాళ్ల బోనస్ +5 అయితే డీ20 మీద 6 లేదా పైన పడితే చాలు, అంటే 75 శాతం. 28.5లో 75 శాతం అంటే రౌండుకి 20 పైచిలుకు. 59ని 20తో భాగిస్తే మూడు రౌండ్లు. ఆ మూడింటిలో ఓగర్ +6తో మూడుసార్లు కొడతాడు. ఏసీ 18 మీద 45 శాతం, ఏసీ 12 మీద 75 శాతం తగులుతుంది. దాదాపు రెండు దెబ్బలు, పార్టీ 64లో సుమారు 22 నష్టం.

కొత్తవాళ్లకి మూడు నుంచి ఐదు రౌండ్లు సరిపోతాయి. రెండులో అయిపోతే ఒకరిద్దరు తమ వంతులో ఏం చేయాలో ఆలోచించేలోపే ముగుస్తుంది. ఆరు దాటితే "నేను కొడతా, నేనూ కొడతా" అనే స్థితికి దిగుతుంది. కొత్త ఆటగాడికి ఒక వంతు రెండు నిమిషాలు పట్టడం మామూలే. నలుగురు ఆటగాళ్లు, మీరు, ఐదు రౌండ్లు కలిస్తే ముప్పావు గంట దాటుతుంది.

ఈ లెక్కని చెడగొట్టేది స్పెల్ స్లాట్లు (మంత్రాలు ఎన్నిసార్లు వేయొచ్చో చెప్పే లెక్క). గైడింగ్ బోల్ట్ సగటున 14, గురి తప్పని మ్యాజిక్ మిసైల్ 10.5, ఫైటర్ యాక్షన్ సర్జ్‌తో మరో దాడి. అలసట లేని రెండో లెవెల్ పార్టీ ఇవన్నీ ఒకేసారి కుమ్మరిస్తే 59 హెచ్‌పీ రెండు రౌండ్లలో కరిగిపోతుంది. 2014 గైడ్ ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది మీడియం, హార్డ్ పోరులు ఉంటాయనుకుని ఈ మెట్లు వేసింది. మూడు గంటల సెషన్‌లో జరిగేవి ఒకటీ రెండూ. కాబట్టి ఓగర్ కంటే ముందు చిన్న పోరు ఒకటి పెట్టండి, మూడు తోడేళ్లు గానీ రెండు గాబ్లిన్లు గానీ. రెండు స్లాట్లు అక్కడ ఖర్చయితే చాలు. ఆ తర్వాత లాంగ్ రెస్ట్ (స్లాట్లు తిరిగొచ్చే పూర్తి విశ్రాంతి) దొరకని పరిస్థితి కల్పించండి: ఎత్తుకుపోయిన మనిషి ప్రాణం తెల్లవారేలోపు పోతుందనో, వాన నీటికి గుహ మునుగుతుందనో.

ఒంటరి రాక్షసుడు ఎంత బలవంతుడైనా ఎదుటివాళ్లు నాలుగుసార్లు కదిలితే వాడు ఒక్కసారే కదులుతాడు. ఇక్కడ చాలామంది హెచ్‌పీ పెంచేస్తారు. పెంచితే పోరు సాగుతుంది తప్ప గట్టిపడదు. వాడి వైపు ఇంకో వంతు చేర్చాలి. గాబ్లిన్ చేసేది ఆ పనే: 7 హెచ్‌పీ, సగటు దెబ్బ 5.5, కానీ బోనస్ యాక్షన్‌తో (వంతులో అదనంగా చేసే చిన్న పనితో) దాక్కునో, తప్పించుకునో విజార్డ్ దాకా చేరుతుంది. దాంతో ఫైటర్‌కి నిజమైన ఎంపిక వస్తుంది, ఓగర్‌ను అడ్డుకోవాలా, వెనక్కి వెళ్లాలా అని.

5. రేటింగ్ చెప్పని ప్రమాదాలు

కొందరు రాక్షసుల రేటింగ్ చూసి మోసపోవద్దు. అంకె చిన్నదే ఉంటుంది, చేసే పని కొత్తవాళ్లు తట్టుకోలేనిది.

షాడో రేటింగ్ అర. తగిలిన ప్రతిసారీ స్ట్రెంగ్త్ అనే కండబలం అంకెని 1డీ4 తగ్గిస్తుంది, అది సున్నాకి వస్తే చావు. స్ట్రెంగ్త్ 8 ఉన్న విజార్డ్‌కి మూడు నాలుగు దెబ్బలు చాలు, మామూలు హీలింగ్ స్పెల్స్ దాన్ని తిరిగి ఇవ్వవు. ఘౌల్ రేటింగ్ 1. గోళ్లు తగిలితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ 10 (ఒంటి గట్టిదనానికి వేసే పాచిక 10 చేరాలి), తప్పితే పక్షవాతం. కదలనివాడిపై ఐదడుగుల లోపు నుంచి తగిలే ప్రతి దెబ్బా క్రిటికలే. మూడు ఘౌల్‌లు కలిస్తే ఒక్క రౌండులో ఒక మనిషి పోతాడు. ఎల్ఫ్‌లకి ఈ పక్షవాతం అంటదు, ఎవరైనా ఎల్ఫ్ ఉన్నారేమో చూసుకోండి. బాన్షీ రేటింగ్ 4. దాని ఏడుపు 30 అడుగుల లోపు విన్నవాళ్లు సేవ్ 13 తప్పితే నేరుగా సున్నా హెచ్‌పీ, ఎన్ని మిగిలి ఉన్నా సరే. 2014 వేర్‌వుల్ఫ్ రేటింగ్ 3 మాత్రమే, కానీ వెండి గానీ మ్యాజిక్ గానీ లేని ఆయుధం దానికి గీత కూడా పెట్టదు. ఫైటర్ కొట్టిన ప్రతి దెబ్బకీ మీరు "ఏమీ కాలేదు" అని చెప్పాల్సి వస్తే ఆ ఆటగాడు వచ్చే వారం రాడు.

ఏ రాక్షసుడి పేజీ తెరిచినా మూడు సంగతులు వెతకండి. ఆటగాడి వంతును లాగేసుకునేది ఏదైనా ఉందా? హెచ్‌పీని పక్కనపెట్టి నేరుగా చంపేది ఉందా? పార్టీ ఆయుధాలు అసలు పనిచేస్తాయా? ఒక్కదానికి చెడ్డ జవాబు వచ్చినా కొత్త పార్టీకి ఆ రాక్షసుణ్ని పెట్టకండి. ఓగర్ మంచి ఎంపిక కావడానికి కారణం ఈ మూడూ దానికి లేకపోవడమే: నడుస్తుంది, కొడుతుంది, ఈటె విసురుతుంది. వేరే రూపం కావాలంటే అంకెలు అలాగే ఉంచి పేరు, వేషం మార్చుకోండి. తెలుగులో ఆడే టేబుల్‌లో దాన్ని ఊరి పొలిమేరలో మేకల్ని మింగే రాక్షసుడిగా వర్ణిస్తే ఓగర్ అంటే తెలియనివాళ్లకి కూడా వెంటనే కళ్లకు కడుతుంది.

6. నేల, తప్పించుకునే దారి

పోరు మొదలయ్యే దూరం 50 నుంచి 60 అడుగులు ఉంచండి. పది అడుగుల్లో మొదలైతే ఇనిషియేటివ్‌లో (వంతుల వరస తేల్చే పాచికలో) ఓగర్ ముందు వచ్చాడంటే ఎవరూ కదలకముందే విజార్డ్ నేల మీద ఉంటాడు. రెండు మూడు చోట్ల బండరాళ్లో, పడిపోయిన ఎద్దులబండో పెట్టండి. సగం మరుగు ఏసీకి 2 కలుపుతుంది, ముప్పావు మరుగు 5 కలుపుతుంది. ఆ సంగతి ఆటగాళ్లకి నోటితో చెప్పండి, వాళ్లంతట వాళ్లకి తట్టదు.

పారిపోవడం గురించి కూడా లెక్క ఉంది. ఓగర్ వేగం 40 అడుగులు, మనిషిది 30, 2014 రూల్స్‌లో డ్వార్ఫ్‌ది 25. బయలులో పరిగెడితే తప్పించుకోలేరు, పైగా ఈటె 120 అడుగుల దాకా వస్తుంది. అందుకే గడియ పెట్టుకోగల తలుపో, తెంచగల తాళ్ల వంతెనో, ఓగర్ పట్టని సందో మ్యాప్‌లో ముందే గీయండి. పోరుకి ముందు పార్టీ దాన్ని దాటి వచ్చేలా పెడితే గుర్తుంటుంది. కొత్తవాళ్లు వీడియో గేమ్‌ల అలవాటుతో ఎదురుపడిన ప్రతిదీ చంపాల్సిందే అనుకుంటారు. "వెనక్కి తగ్గడం కూడా ఒక దారే, ఆ తలుపు దాకా రెండు రౌండ్లు పడుతుంది" అని సూటిగా చెప్పడంలో తప్పేమీ లేదు.

రాక్షసుడి బలం ముందుగా కనిపించాలి. ఓగర్ తన మొదటి కదలికలో బండిని పగలగొట్టనివ్వండి, లేదా వంగిపోయిన ఇనుప డాలు ఒకటి దారిలో దొరకనివ్వండి. హెచ్‌పీ సగానికి, అంటే 29కి దిగగానే రక్తం కారుతోందని, రొప్పుతోందని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆటగాళ్లు మిగిలిన స్పెల్ వాడాలా దాచాలా అన్నది తేల్చుకుంటారు.

7. పోరును సర్దే మీటలు ముందే రాసిపెట్టుకోండి

పాచికలు లెక్కల్ని తలకిందులు చేస్తాయి. అప్పుడు ఏం చేస్తారో ముందే కాగితం మీద ఉంటే టేబుల్ దగ్గర కంగారు ఉండదు. తెర చాటున పాచికను మార్చి చెప్పడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. ఒక్కసారి అనుమానం వచ్చిందంటే తర్వాత గెలిచినా వాళ్లకి గెలిచినట్టు ఉండదు. పోరు మధ్యలో ఏసీ కూడా మార్చకండి. 13కి తగిలింది, 14కి తగల్లేదు అన్నది ఆటగాళ్లు గమనిస్తూనే ఉంటారు.

మార్చదగ్గవి ఇవి:

పోరు తేలికైపోతే రెండో గాబ్లిన్ మూడో రౌండు మొదట్లో వస్తుంది. దాని అరుపు రెండో రౌండులోనే వినిపించాలి, లేకపోతే ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది.

ఓగర్ హెచ్‌పీ 7డీ10+21, అంటే 28 నుంచి 91 దాకా ఎంతైనా రూల్ ప్రకారమే. స్లాట్లు చెక్కుచెదరకుండా వచ్చిన పార్టీకి 79తో మొదలుపెట్టండి, సరిగ్గా ఒక రౌండు పెరుగుతుంది. అంతకు మించి వద్దు.

పోరు చేయి దాటితే ఓగర్ బుర్ర తక్కువతనాన్ని వాడండి. ఆఖరిగా తనను కొట్టినవాడి వైపే తిరుగుతుంది. ఏసీ 18 ఉన్న ఫైటర్ అరిచి పిలిస్తే అటు వెళ్తుంది. ఓగర్‌కి కావాల్సింది తిండి కాబట్టి మూటలోని మాంసం విసిరితే ఒక వంతు దాని మీద పోతుంది.

ఓగర్ సగానికి దిగగానే గాబ్లిన్ పారిపోతుంది.

కింద పడినవాణ్ని కొట్టొద్దు. స్పృహ లేనివాడిపై దగ్గర నుంచి తగిలే దెబ్బ క్రిటికల్, దానికి రెండు డెత్ సేవ్‌లు ఒకేసారి పోతాయి. మూడు పోతే చావు. ఓగర్ నిలబడి ఉన్నవాళ్ల మీదికే వెళ్లాలి. ఆకలితో ఉన్న జంతువైతే పడినవాణ్ని ఈడ్చుకుపోనివ్వండి, అది కొత్త కథవుతుంది.

పోరుకి ముందు పార్టీకి రెండు హీలింగ్ పోషన్లు అందేలా చూడండి. ఒక్కోటి 2డీ4+2, సగటున 7. పడినవాడి నోట్లో పోయొచ్చని కూడా చెప్పండి. క్లెరిక్ ఆటగాడికి హీలింగ్ వర్డ్ బోనస్ యాక్షన్ అనీ, 60 అడుగుల దూరం నుంచే పనిచేస్తుందనీ ముందే గుర్తుచేయండి.

8. ఆటగాళ్ల సంఖ్య మారితే

ముగ్గురే ఉంటే గాబ్లిన్‌ను తీసేయండి. రెండో లెవెల్ ముగ్గురికి హార్డ్ 450, ఒంటరి ఓగర్ సరిగ్గా అంతే. ఐదుగురికి ఓగర్, ఒక గాబ్లిన్ కలిపి 750, అది కూడా సరిగ్గా హార్డ్. ఆరుగురు ఉంటే గుణకం ఒక మెట్టు దిగుతుంది: ఓగర్‌తో మూడు గాబ్లిన్లు, 600ని 1.5తో గుణిస్తే 900, ఆరుగురి హార్డ్ అంతే. అయితే ఆరుగురు కొత్తవాళ్లంటే రౌండు చాలాసేపు పడుతుంది కాబట్టి మూడు గాబ్లిన్లకీ ఒకే ఇనిషియేటివ్ వేసి ఒకేసారి కదిలించండి.

పోరు ముగియగానే నాలుగు ముక్కలు రాసుకోండి: ఎన్ని రౌండ్లు పట్టింది, ఎవరెవరు పడ్డారు, మొత్తం ఎంత హెచ్‌పీ మిగిలింది, ఎన్ని స్లాట్లు మిగిలాయి. మూడు రౌండ్లలోపే ముగిసి, ఎవరూ సగానికి దిగకపోతే వచ్చేసారి ఒక చిన్న రాక్షసుణ్ని చేర్చండి. ఇద్దరు పడి, పోషన్లన్నీ అయిపోయి గెలిచారంటే ఈ పార్టీకి హార్డ్ అంటే ఇదే, తర్వాతి రెండు సెషన్లకి దీన్నే కొలతగా పెట్టుకోండి. ముగ్గురు పడితే మెట్టు దించకముందు ఒకసారి చూడండి, తప్పు లెక్కలోనా లేక మరుగు, డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం), డిసెంగేజ్ (దెబ్బ తినకుండా పక్కకు తప్పుకోవడం) ఉన్నాయని వాళ్లకి తెలియకపోవడంలోనా అని. రెండోదైతే ఆ మూడూ ఒక అట్టముక్క మీద రాసి తలా ఒకటి ముందు పెట్టండి.